మోరీలో దాగిన మడత సైకిల్

నేను ఒక మడత సైకిల్‌ని. నడుము దగ్గరున్న పిడి ఎత్తితే సగానికి వంగిపోతాను. ముందు చక్రం వెళ్ళి వెనక చక్రం పక్కన ఒదుగుతుంది. హ్యాండిల్ తల వాలుస్తుంది, సీటు కిందికి దిగిపోతుంది. చూసినవాళ్ళు ముచ్చటపడి, "భలే ఉందే, చంకలో పెట్టుకుని పోవచ్చు" అంటారు. నాలోని గుబులు వాళ్ళకేం తెలుసు? వంగడానికి పుట్టినవాళ్ళకు ఎక్కడో ఒకచోట విరిగిపోతామన్న భయం పుట్టుకతోనే వస్తుంది. ఆ భయం నాకు ఇప్పటికీ పోలేదు. కాకపోతే అంతకన్నా పెద్ద భయం ఎలా ఉంటుందో ఒక మధ్యాహ్నం అడవిలో చూశాను. మీకు చెప్పాలనుకున్నది అదే.

నన్ను తయారుచేసిన ఊరి పేరు నాకు తెలియదు. ఒక పెద్ద రేకుల షెడ్డు, చెవులు చిల్లులుపడే చప్పుడు, రంగు వాసన, ఇంతే గుర్తు. అన్నీ బిగించాక చివర్లో ఒకమ్మాయి నా చైను రెండు కొసలూ దగ్గరికి లాగి లాకు వేసింది. లాకు అంటే రెండు పుల్లలున్న చిన్న ముక్క. ఆ పుల్లల మీద ఒక రేకు, ఆ రేకు ఊడకుండా గోరంత క్లిప్పు. నా ఒంట్లో అన్నిటికన్నా చిన్న వస్తువు అదే. అది ఊడితే నేను చక్రాలున్న కుర్చీని, అంతకుమించి ఏమీ కాను.

మొదట నన్ను కొన్నది బెంగుళూరులో మేడ మీద కాపురముండే శశిధర్ గారు. డాక్టరు ఆయన్ని సైకిల్ తొక్కమన్నాడు. ఆయన సైకిల్ కొన్నాడు. రెండూ ఒకటే అనుకున్నాడు కాబోలు. తలకు గట్టి టోపీ, చేతులకు తొడుగులు తెచ్చుకుని నాతో ఫొటో దిగాడు. మర్నాడు వీధి చివరి టిఫిన్ సెంటరు దాకా తొక్కుకుంటూ పోయి, తృప్తిగా తిని, నన్ను మడిచి ఆటోలో పెట్టుకుని ఇంటికొచ్చాడు. మడత సైకిల్ వల్ల లాభమేమిటో ఆయనకు ఆ రోజే తెలిసిపోయింది. ఆ తర్వాత బాల్కనీలో నా హ్యాండిల్ మీద తడి తువ్వాళ్ళు ఆరేసేవారు. ఎండకూ తడికీ నా చైను తుప్పు పట్టింది. ఇల్లు మారేటప్పుడు సామాను సర్దుతూ సర్దుతూ నా దగ్గర ఆగి, కాసేపు తల గోక్కుని, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కుప్పుస్వామిని పిలిచి, "తీసుకుపోవయ్యా, మీ పిల్లలు ఆడుకుంటారు" అన్నాడు.

కుప్పుస్వామికి పిల్లలు లేరు. కుప్పంలో ఒక అక్క ఉంది.

ఆమె పేరు ద్రాక్షాయణి. నా కథ నిజంగా మొదలైంది ఆమె దగ్గరే. పసితనంలో పోలియో వచ్చి ఆమె కుడికాలు సన్నబడి పొట్టిదైపోయింది. నడవాలంటే కుడి అరచెయ్యి మోకాలి మీద అదిమి, ఒళ్ళంతా ఒక పక్కకు ఊపి అడుగు వెయ్యాలి. వీధి మలుపు దాకా పోయేసరికి నడుము పట్టేసేది. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "నన్ను చూసేకి వచ్చినోళ్ళంతా కాలే చూసినారు, మొగం చూసినోడు రాలే" అని నవ్వేది.

కుప్పుస్వామి నన్ను రైల్లో తెచ్చి వాకిట్లో విప్పి నిలబెట్టినప్పుడు ఆమె నవ్వలేదు.

"నీకేమన్నా పిచ్చా కుప్పూ? నడవలేనిదానికి సైకిలు తెస్తావా?" అంది.

"నడవలేవు కాబట్టే తెచ్చినా కా. నడిచే కాళ్ళు వేరే, తొక్కే కాళ్ళు వేరే. ఒక్కతూరి ఎక్కి చూడు."

అతను కుడి పెడల్ మీద ఒక చెక్క ముక్క బిగించాడు, పొట్టికాలు అందడానికి. పాదం జారకుండా తోలుపట్టీ కట్టాడు. నేను పొట్టిదాన్ని గనక ఎడమకాలు నేలకు ఆనుతుంది, పడతానన్న దిగులు ఉండదు. నాలుగైదు సార్లు పడింది, మోచేతులు చెక్కుకుపోయాయి, తమ్ముడిని నానా తిట్లూ తిట్టింది. ఆ తర్వాత ఒక ఉదయం వీధి చివరిదాకా పోయి, అక్కడ ఆగకుండా, మలుపు తిరిగింది. ఆ మలుపు అవతల ఏముందో ఆమె తన కాళ్ళ మీద ఎన్నడూ చూడలేదు. నా హ్యాండిల్ పిడుల మీద ఆమె వేళ్ళు బిగుసుకుని, మెల్లగా సడలాయి. మనుషుల సంగతులు నాకు ఆ పిడుల ద్వారానే తెలుస్తాయి.

ద్రాక్షాయణి పట్టుపురుగుల కేంద్రంలో పనిచేసేది. రైతుల షెడ్లకు వెళ్ళి, తట్టల్లో పురుగులు ఆకు సరిగా తింటున్నాయా, జబ్బేమైనా తగిలిందా చూసి చెప్పడం ఆమె పని. పురుగును అరచేతిలో పెట్టుకుని కాసేపు చూస్తే చాలు, దాని సంగతి చెప్పేసేది. నేను రాకముందు రైతులే ఎవరో ఒకరు మోటార్ సైకిల్ మీద తీసుకుపోయి దింపేవారు. ఎక్కేటప్పుడు ఒకరు ఎత్తాలి, దిగేటప్పుడు ఒకరు దించాలి. అది ఆమెకు ప్రాణం పోయినట్టుండేది. నేను వచ్చాక ఎవరినీ అడగలేదు. బస్సులో నన్ను మడిచి కాళ్ళ దగ్గర పెట్టుకునేది, దిగాల్సినచోట దిగి విప్పుకుని ఎక్కేది. రైతులు తీసుకుపోతామని వచ్చినా, "మూట మాదిరి ఎత్తి దించేది చాలు నాయనా, ఇంక నేనే వస్తా" అనేది.

ఆమె తిరిగే ఊళ్ళలో అడవి లోపలికంటా ఉన్నది బూరుగుమాకుపల్లి. బస్సు దిగిన తారురోడ్డు నుంచి ఊరిదాకా అడవిలో సన్నటి దారి. రెండు పక్కలా వెదురు పొదలు, తుమ్మలు, నల్లటి బండలు. ఆ వేసవిలో ఆ అడవిలోకి ఒక ఒంటి ఏనుగు వచ్చింది. మంద నుంచి విడిపోయిన మగది. మొక్కజొన్న చేలు తొక్కేసింది, బోర్ల పైపులు పీకేసింది, కాపలా పడుకున్న ఒక మనిషిని చంపేసింది. అప్పటినుంచీ ఊళ్ళో ఎవరూ దాన్ని ఏనుగు అనేవారు కాదు. పేరెత్తితే వస్తుందన్న భయంతో 'సామి' అనేవారు.

ఆ రోజు పాపమ్మ అనే రైతు ఫోను చేసింది. పురుగులు ఆకు ముట్టడంలేదని, ఒళ్ళు నల్లబడుతున్నాయని. ద్రాక్షాయణి పొద్దున్నే వెళ్ళింది. షెడ్డులో తట్టలన్నీ చూసింది. చూస్తున్నకొద్దీ ఆమె మొహం మాడిపోయింది. ఆ జబ్బు ఒక షెడ్డుతో ఆగేది కాదు. ఆ సాయంత్రమే కేంద్రంలో చెప్పి మిగతా ఊళ్ళకు మందు పంపించకపోతే చుట్టుపక్కల పంటంతా పోతుంది. జబ్బుపడ్డ పురుగులు కొన్నింటిని అగ్గిపెట్టెలో వేసి రవికలో దోపుకుంది. వాటికి వేసిన మల్బరీ కొమ్మలు సంచిలో పెట్టుకుని నా హ్యాండిల్‌కు తగిలించింది.

"రాత్రికి ఈడనే పండుకో ద్రాక్షా. నిన్న మాపటేళ సామి అరుపు వినబడినాది" అంది పాపమ్మ. "లేదంటే మా ఆయన సంత నుంచి రానీ, బండిమీద దింపుతాడు."

"ఆయనొచ్చే లోపల బస్సు పోతాది మే. పట్టపగలు, ఎండ కాలుస్తా ఉండాది. ఏమీ కాదులే" అంది ద్రాక్షాయణి. కానీ పిడుల మీద వేళ్ళు ఆ మాట అనలేదు. అవి చల్లగా ఉన్నాయి.

దారి మొదట్లో బాగానే సాగింది. తర్వాత మిట్ట వచ్చింది. మిట్టల మీద ఆమె బరువంతా ఎడమకాలి మీదే వేసి తొక్కేది. ఒక్క కాలి జోరుకు నా చైను ఒకసారి బిగిసి, ఒకసారి వదులయ్యేది. ఎన్నాళ్ళ నుంచో అలా బిగిసీ వదులై ఆ క్లిప్పు అరిగిపోయిందని నాకు తెలుసు. చెప్పే నోరు ఎక్కడిది? దారి మధ్యలో పేడ ముద్దలు కనిపించాయి. ఇంకా పచ్చిగా, ఈగలు ముసురుతూ. ఆమె చూసింది. చూడనట్టు తల తిప్పుకుని ఇంకా గట్టిగా తొక్కింది.

టప్‌మని చప్పుడైంది. పెడల్ ఒక్కసారిగా శూన్యంలోకి జారింది. ఆమె పక్కకు ఒరిగి నాతోపాటు కిందపడింది. నా చైను పళ్ళచక్రం మీద నుంచి జారి దుమ్ములో చచ్చిన పాములా పడి ఉంది.

కుడికాలు ఇంకా పట్టీలోనే ఇరుక్కుని ఉంది. దాన్ని విడిపించుకుని లేచి కూర్చుని మొదట ఫోను తీసింది. సిగ్నల్ లేదు. ముందుకు చూసింది, వెనక్కి చూసింది. తారురోడ్డు ఎంత దూరమో ఊరూ అంతే దూరం. రెండు కాళ్ళూ సరిగా ఉన్నవాళ్ళకు అదొక లెక్క కాదు. ఆమెకు అది నడిచే దూరం కాదు.

చైను కొసలు రెండూ పట్టుకుని చూసింది. లాకు పుల్లలు చైనులోనే ఉన్నాయి, పై రేకూ క్లిప్పూ లేవు. అంటే చైను విరగలేదు, ఊడింది. ఆ ముక్కలు దొరికితే చాలు. మోకాళ్ళ మీద పాకుతూ దుమ్మును అరచేతులతో నిమురుతూ వెతకడం మొదలుపెట్టింది. రాలిన ఆకులు, గులకరాళ్ళు, ఎర్రచీమలు. ఎండు కొమ్మ ఎక్కడైనా చిటుక్కుమంటే తల ఎత్తి ఊపిరి బిగబట్టేది. మళ్ళీ వంగేది. చివరికి నా వెనక చక్రం కింద రేకు దొరికింది. దాన్ని కళ్ళకద్దుకుంది. క్లిప్పు మాత్రం దొరకలేదు.

అప్పుడే మలుపు నుంచి ఒక మనిషి పరుగెత్తుకొచ్చాడు. ఖాకీ జాకెట్, మెడలో విజిల్, నడుముకు మచ్చుకత్తి. అడవిశాఖ వాళ్ళు ఏనుగుల జాడ చూడడానికి పెట్టుకున్న ట్రాకర్. పేరు మునెప్ప అని తర్వాత తెలిసింది. అతని మొహాన చుక్క నెత్తురు లేదు.

"యమ్మా, ఏం చేస్తా ఉండావు ఈడ? లే, లే! సామి ఈ పక్కకే వస్తా ఉండాడు!"

"లేచి యాడికి పోదు నాయనా? నడవలేను. కాలు చూడు."

అతను ఆమె కాలు చూశాడు. ఎదురుగా వెదురు పొదల్లో ఫెళఫెళమని ఏదో విరిగింది. అతను ఉలిక్కిపడి చుట్టూ చూసి, దారి కింద ఎండు వాగులో వాన నీళ్ళు పోయే మోరీ చూపించాడు. సిమెంటు గొట్టం, మనిషి పాకితే పట్టేంత.

"ఆ మోరీలో దూరు. సైకిలు వదిలెయ్. పో, పో!"

"దీన్ని వదిలితే రేపు నేను యాడికన్నా పోయేదెట్ల? ఇదే నా కాలు."

మళ్ళీ కొమ్మ విరిగింది, ఈసారి ఇంకా దగ్గర. మునెప్ప ఆమె వైపు ఒక చెయ్యి చాచాడు. ఆ చెయ్యి ఆమెను అందుకోలేదు. అతను వెనుదిరిగి, దారి దాటి, బండల మీదికి ఎగబాకి కనిపించకుండా పోయాడు. అతని చెప్పు ఒకటి దారిలోనే ఉండిపోయింది.

ద్రాక్షాయణి అతన్ని పిలవలేదు. పిలిచే తీరికా లేదు. చైనును నా చట్రానికి ఒక చుట్టు చుట్టి, రేకును బుగ్గన పెట్టుకుని, నా పిడి ఎత్తింది. నేను సగానికి ముడుచుకుపోయాను. నన్ను ముందుకు తోసుకుంటూ, కట్ట మీద నుంచి కూర్చునే జారుతూ, మోరీ నోట్లోకి దూరింది. మల్బరీ సంచి పైన దారిలోనే పడిపోయింది. నన్నింత చిన్నగా మడిచేటట్టు తయారుచేసినవాళ్ళు ఎవరో గానీ, వాళ్ళు కారు డిక్కీని మనసులో పెట్టుకుని ఉంటారు. మోరీని కాదు.

లోపల ఎండిన బురద వాసన. గబ్బిలాల వాసన. అటు కొస నుంచి కొంచెం, ఇటు కొస నుంచి కొంచెం వెలుతురు. ఆమె గుండె కొట్టుకోవడం నా ఇనుములో వినిపించింది. కాసేపటికి నేల అదిరింది. పెద్ద చప్పుడేమీ లేదు. అంత బరువు అంత మెత్తగా నడవగలదని నేను అనుకోలేదు. మా నెత్తిన దారి మీదికి వచ్చి ఆగింది. గొట్టం పైనుంచి మట్టి రాలి ఆమె జుట్టులో పడింది. పైన సంచి చిరిగిన చప్పుడు, ఆకులు నమిలే చప్పుడు. పెద్ద తిరగలి తిరుగుతున్నట్టు కడుపులోంచి వచ్చే గుర్రు.

 వణికే చేతుల్ని ఏం చెయ్యాలో తెలియక ద్రాక్షాయణి నా చైను పట్టుకుంది. రెండు కొసలూ దగ్గరికి తెచ్చింది. తడుముకుంటూ లాకు పుల్లల మీద రేకు ఎక్కించింది. ఎక్కింది. కానీ దాన్ని పట్టి ఉంచడానికి ఏదో ఒకటి కావాలి. భుజం మీద కొంగుకు పెట్టుకున్న పిన్నీసు గుర్తొచ్చింది. ఊడదీసి, పళ్ళతో పట్టి దాన్ని తీగలా సాగదీసింది. పుల్లల చివరలకు చుట్టూ సన్నటి గాడి ఉంటుంది. ఒక పుల్ల చుట్టూ చుట్టి, అడ్డంగా లాగి, రెండోదాని చుట్టూ చుట్టాలి. తీగ గట్టిది, వేళ్ళకు లొంగలేదు. గోరు విరిగింది. నెత్తురు నా చైను మీద పడింది. చిన్న మూలుగు కూడా రానివ్వలేదు. అంత దగ్గర నుంచి మనిషిని నేను చూడడం అదే మొదలు.

పిన్నీసు తీసిన కొంగు జారిపోయిందని ఆమె గమనించలేదు. వంగి పని చేస్తుండగా ఆ కొంగు వెనక్కి జారి, మోరీ నోటి బయట గాలికి రెపరెపలాడుతోంది.

పైన నమలడం ఆగింది. అడుగులు కట్ట మీద నుంచి పక్కకు దిగాయి. మేము దూరిన మోరీ నోటి దగ్గర వెలుతురు పోయింది. బూడిదరంగు కాళ్ళు, స్తంభాల్లాంటివి, అడ్డంగా నిలబడ్డాయి. ఆ కాళ్ళ మధ్య నుంచి తొండం దిగింది. దాని కొస తడిగా ఉంది, మల్బరీ పసరు అంటి ఉంది. నేల వాసన చూసింది. గొట్టం అంచు తడిమింది. కొంగు తగిలింది.

చీర బిగుసుకుంది. ద్రాక్షాయణి ఒళ్ళు ఒక్క ఊపున వెనక్కి జారింది. ఆమె రెండు చేతులతో నన్ను వాటేసుకుంది. నేను గొట్టానికి అడ్డంగా ఇరుక్కున్నాను. నా హ్యాండిల్ సిమెంటు గోడకు తన్నుకుని ఆగింది. నడుము దగ్గరి మడతబందు కిర్రుమంది. ఇక్కడే, ఇప్పుడే విరుగుతానని అనుకున్నాను. నేను విరిగితే ఆమె వెళ్ళిపోతుంది. జీవితంలో ఎప్పుడూ ఏ బరువునూ నేను అంత గట్టిగా పట్టుకోలేదు.  చీర కుచ్చిళ్ళు ఊడి మడత మడతగా వెళ్ళిపోతున్నాయి. నడుము దగ్గర ముడిపడి ఆగాయి. మళ్ళీ లాగుడు.

నా వెనక నుంచి ఎవరో మా ఇద్దరి మీదుగా చెయ్యి చాపారు. మచ్చుకత్తి మెరిసింది. ఒక వేటు, రెండో వేటు. గుడ్డ చిరిగింది. తొండం ఆ గుడ్డతో పాటు వెలుతురులోకి వెళ్ళిపోయింది. బయట చీర ముక్క గాల్లోకి లేచి కిందపడడం, ఒక్క ఘీంకారం, ఆ శబ్దానికి గొట్టమంతా గంటలా మోగడం. ఆ తర్వాత అడుగులు వాగు మట్టిలో దూరమయ్యాయి.

 మునెప్ప మోరీ రెండో నోటి నుంచి పాకి వచ్చాడు. అతని మోచేతులు రెండూ చెక్కుకుపోయి ఉన్నాయి. ఒక కాలికి చెప్పు లేదు. అతను ఏడుస్తున్నాడు.

"బండ మీద ఎక్కినా కా" అన్నాడు గుసగుసగా. "ఆడ నుంచి చూస్తే నీ కొంగు కనపడినాది. ఎర్రంగా. సామి దాని పక్కకే పోతా ఉండాడు. కండ్లు మూసుకున్నా. మూసుకున్నా కనపడతానే ఉండె."

ద్రాక్షాయణి ఒంటి మీద మిగిలిన చీరను చుట్టుకోవడానికి చూస్తోంది, చేతులు రావడంలేదు. అతను తల పక్కకు తిప్పుకుని తన ఖాకీ జాకెట్ విప్పి ఆమె భుజాల మీద వేశాడు.

"నా కొడుకులకు ఏం చెప్పేది అనుకున్నా" అన్నాడు మళ్ళీ.

"ఏడ్చేది తర్వాత" అంది ఆమె. ఆ గొంతు ఆమెదిలా లేదు. "ఈ రెండు కొసలు పట్టుకో. గట్టిగా పట్టుకో, కదిలించొద్దు."

అతను పట్టుకున్నాడు. అతని చేతులూ వణుకుతున్నాయి. కానీ రెండు వణుకులు కలిసినప్పుడు ఎందుకో కొంత కుదురు వచ్చింది. ఆమె తీగను రెండో పుల్ల చుట్టూ తిప్పింది. మచ్చుకత్తి పిడితో అతను దాని కొస నొక్కి వంచాడు. చప్పుడు రాకుండా, మెత్తగా. రేకు కూర్చుంది.

బయటికి రావడానికి ఇద్దరికీ ధైర్యం చాలలేదు. మునెప్పే ముందు తల పెట్టి చూశాడు. వాగులో వెదురు మెల్లగా ఊగుతోంది, గాలికో సామికో తెలియదు. నన్ను దారి మీదికి ఎత్తి విప్పారు. చైను పళ్ళచక్రం మీదికి ఎక్కించి ఆమె చేత్తో ఒకసారి తిప్పి చూసింది. తిరిగింది. ఆమె కుడిపాదాన్ని పట్టీలో పెట్టి బిగించింది మునెప్పే. ఇంతకుముందైతే ఆ పని ఎవరినీ చెయ్యనిచ్చేది కాదు.

మిట్ట ఇంకా మిగిలే ఉంది. మునెప్ప నా సీటు వెనక చెయ్యి వేసి తోస్తూ పరుగెత్తాడు, ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు ఉత్తిగా. ఆమె ఎడమకాలిని మెత్తమెత్తగా నొక్కుతోంది. లాకు పళ్ళచక్రం మీదికి వచ్చినప్పుడల్లా పిన్నీసు తీగ టిక్కుమనేది. ఆ టిక్కు వినగానే ముగ్గురమూ బిగుసుకునేవాళ్ళం. దాటగానే మళ్ళీ ఊపిరి. మిట్ట కొన దగ్గర వెనక నుంచి ఘీంకారం మళ్ళీ వచ్చింది. ఎంత దూరమో తెలియలేదు. అడవిలో శబ్దానికి దూరం తెలియదు.

"తిరిగి చూడొద్దు కా" అన్నాడు మునెప్ప రొప్పుతూ. "చూడొద్దు. తొక్కు."

ఆమె చూడలేదు. నాకు వెనక కళ్ళు లేవు. చూసినవాడు అతనొక్కడే. ఏం చూశాడో ఇప్పటికీ చెప్పలేదు. అతని చెయ్యి మాత్రం నా సీటును ఒక్కసారి విపరీతంగా తోసింది. మిట్ట దాటాం. అవతల పల్లం. చక్రాలు తమంతట తామే పరుగందుకున్నాయి. తారురోడ్డు, చెక్‌పోస్టు గుడిసె, దాని ముందు టీ తాగుతున్న అడవిశాఖ వాళ్ళు కనిపించారు.

చిరిగిన చీర మీద ఖాకీ జాకెట్‌తో వచ్చిన ఆమెను చూసి వాళ్ళు గ్లాసులు కిందపెట్టేశారు. ఏమైంది, ఎక్కడ, ఎలా అని ఒకటే ప్రశ్నలు. మునెప్ప తల వంచుకుని నిలబడ్డాడు. ఒక ఆఫీసరు అతని భుజం తట్టి, "శెభాష్ మునెప్పా, ఆడమనిషిని కాపాడినావు" అన్నాడు.

అతను ద్రాక్షాయణి వైపు చూశాడు. ఆమె నీళ్ళు తాగి గ్లాసు కిందపెట్టింది.

"ముందర ఉరికినాడు సార్" అంది. "మళ్ళా వచ్చినాడు. ఉరికినోడు మళ్ళా వచ్చేది ఎంత కష్టమో మీకు తెలుసునో లేదో."

మునెప్ప మొహం చేతుల్లో దాచుకుని అక్కడే కూలబడ్డాడు.

ఆ సాయంత్రం ఆమె అగ్గిపెట్టెను కేంద్రంలో అప్పజెప్పింది. మందు ఊళ్ళకు చేరింది. పాపమ్మ తట్టలు పోయాయి గానీ మిగతావాళ్ళ పంట నిలిచింది. కుప్పంలో సైకిల్ షాపు అతను నా చైనుకు కొత్త లాకు వేస్తూ, ఆ పిన్నీసు తీగను తీసి అటూ ఇటూ తిప్పి చూసి, చెత్తలో పడేశాడు.

కథ అక్కడితో అయిపోతుందని మీరు అనుకుంటారు. భయం అలా అయిపోయేది కాదు. చాలా రోజులు ఆమె నన్ను ముట్టుకోలేదు. కిటికీ రెక్క కొట్టుకుంటే ఉలిక్కిపడేది. పక్కింట్లో తిరగలి తిప్పే చప్పుడుకు చెవులు మూసుకునేది. చీర కొంగు దేనికైనా చిక్కుకుంటే మనిషి మొత్తం కొయ్యబారిపోయేది. కుప్పుస్వామి వచ్చి, "ఆ పని మానెయ్ కా" అన్నాడు.  తర్వాత ఒక పొద్దున పాపమ్మ నుంచి ఫోను వచ్చింది. కొత్త పురుగులు తెచ్చిందట, ఎందుకో ఆకు ముట్టడంలేదట. ద్రాక్షాయణి ఫోను పెట్టేసి చాలాసేపు గడప మీద కూర్చుంది. తర్వాత లేచి నన్ను మడిచింది.

అడవి దారి మొదట్లో మునెప్ప నిలబడి ఉన్నాడు. ఎవరు చెప్పారో తెలియదు. "పొద్దున్నే జాడ చూసినా కా. సామి ఆ పక్క కొండకు పోయినాడు" అన్నాడు. ఆమెకంటే ముందు నడిచాడు. ఆ రోజు దారి పొడుగునా ఆమె చేతుల్లోంచి చెమట నా పిడుల మీద కారుతూనే ఉంది. అయినా పెడల్ ఆగలేదు. ధైర్యమంటే భయం లేకపోవడమని మనుషులు చెప్పుకుంటూ ఉంటారు. వాళ్ళ చేతులు పట్టుకుని చూసినవాళ్ళెవరూ ఆ మాట అనరు.

ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి. ఇప్పుడు ఆమెకు పక్క చక్రాలు బిగించిన స్కూటర్ ఉంది. ఆ ఏనుగును ఎప్పుడో మత్తుమందు ఇచ్చి పట్టుకుపోయారు. దాని బదులు వేరేవి వస్తూ పోతూ ఉన్నాయి. నా మడతబందు అరిగిపోయింది, ఇప్పుడు నన్ను ఎవరూ మడవరు. వసారాలో గేటు పక్కన నిలబడి ఉంటాను.

ఇవాళ కూడా ఆమె బూరుగుమాకుపల్లికి వెళ్ళింది. నీడ గోడ పైకి ఎక్కింది. పాలవాడు వచ్చి గిన్నె లేకపోతే తిరిగి వెళ్ళిపోయాడు. వీధిలో ఎన్నో బండ్లు పోయాయి, ఏదీ ఇటు తిరగలేదు. అడవిలో నిలబడి భయపడడం ఒక రకం. ఇంట్లో నిలబడి భయపడడం ఇంకో రకం. రెండూ చూసినదాన్ని కాబట్టి చెబుతున్నాను, రెండోదే కష్టం.

స్కూటర్ చప్పుడు. గేటు తీసిన చప్పుడు. ఆమె దిగి, గోడ పట్టుకుని, నా హ్యాండిల్ అందుకుంది. స్కూటర్ దగ్గర నుంచి గడప దాకా ఇప్పుడామె నన్ను పట్టుకునే నడుస్తుంది. అరచెయ్యి తడిగా, చల్లగా ఉంది. దారిలో ఏం చూసిందో, ఏం విందో అడిగే నోరు నాకు లేదు. ఆమె బరువు నా మీద వాలింది. నేను బ్రేకు బిగించినట్టు ఒక్క క్షణం నిలబడ్డాను. ఆమె ఊపిరి కుదుటపడింది. తర్వాత ఇద్దరం ఇంట్లోకి నడిచాం.